గుడిని ముంచి కట్టిన మ్యూజియం

ముందే చెప్పేస్తా, తర్వాత తిట్టుకుందురు గాని: నాగార్జునకొండని మనం కాపాడుకున్నాం అనే మాట సగమే నిజం. మిగతా సగం నీళ్ళ కింద ఉంది. ఆ సగం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. మన కాలేజీలో సివిల్ వాళ్ళు ఇండస్ట్రియల్ విజిట్ పేరుతో సాగర్ వెళ్ళొచ్చి గేట్ల ముందు గ్రూప్ ఫోటో పెడతారు. లాంచీ ఎక్కి కొండ దాకా వెళ్ళినవాళ్ళు ఎంతమంది అని అడిగితే చేతులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే లేస్తాయి. వెళ్ళినవాళ్ళు కూడా "బాగుంది, బోట్ రైడ్ సూపర్" అంటారు. అంతే.

గుడి మ్యూజియం అయిపోవడం ప్రపంచంలో కొత్త సంగతేం కాదు. బీజింగ్‌లో జిహువా సి అని ఒక బౌద్ధాలయం ఉంది. మింగ్ చక్రవర్తి కొలువులో చక్రం తిప్పిన వాంగ్ జెన్ అనే ఖోజా అధికారి 1443లో దాన్ని కట్టించడం మొదలుపెట్టాడు. ఆరేళ్ళు తిరక్కుండానే, 1449లో, చక్రవర్తిని వెంటబెట్టుకుని మంగోలుల మీదికి యుద్ధానికి పోయి సైన్యాన్ని పోగొట్టాడు, చక్రవర్తిని శత్రువుల చేతికి అప్పజెప్పాడు, తనూ చచ్చిపోయాడు. గుడి మాత్రం నిలిచింది. అయిదువందల ఏళ్ళకి దానికి వేరే కష్టం వచ్చింది. పోషించేవాళ్ళు లేరు, అమ్ముకుంటే తప్ప గడవదు. చెక్కతో డ్రాగన్లు చెక్కిన పైకప్పులు రెండు అమెరికా వెళ్ళిపోయాయి. ఒకటి ఫిలడెల్ఫియా మ్యూజియంలో, ఇంకోటి కాన్సస్ సిటీలోని నెల్సన్-అట్కిన్స్ మ్యూజియంలో ఉన్నాయి. 1992 నుంచి ఆ గుడే ఒక మ్యూజియం. అక్కడి సన్యాసుల సంగీతం తరతరాలుగా వస్తూ ఇప్పటికీ ఆ ఆవరణలోనే వినిపిస్తుంది. అంటే ఒళ్ళు ఒకచోట, నెత్తి ఇంకోచోట, గొంతు మాత్రం పాత చోటే.

మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో చోయిజిన్ లామా ఆలయానిదీ ఇలాంటి కథే. 1904-08 మధ్య కట్టారు, 1938లో ప్రభుత్వం మూసేసింది, తర్వాత మ్యూజియం అని బోర్డు పెట్టారు. ఆ బోర్డే లేకపోతే ఆ రోజుల్లో దాన్ని నేలమట్టం చేసి ఉండేవాళ్ళేమో.

ఈ రెండు చోట్లా గుడి ఉన్నచోటే ఉంది, పని మారింది. మన దగ్గర తిరగబడింది. గుళ్ళున్న లోయని ముంచేశాం. ముంచి, పక్కనే ఉన్న కొండ మీద కొత్తగా మ్యూజియం కట్టాం. ఆ మ్యూజియాన్ని బౌద్ధ విహారం ఆకారంలో కట్టాం! 1966లో తెరిచిన ఆ భవనాన్ని చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది, ఇల్లు అమ్మేసి ఆ ఇంటి బొమ్మని గోడకి తగిలించుకున్నట్టు.

సరే, అసలు అక్కడ ఏముండేది?

మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. మధ్యలో గిన్నెలాంటి లోయ. శాతవాహనుల తర్వాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు దీన్ని రాజధాని చేసుకున్నారు. అప్పటి పేరు విజయపురి, శాసనాల్లో శ్రీపర్వతం అనే పేరు కూడా కనిపిస్తుంది. నాగార్జునకొండ అనే పేరు చాలా తర్వాతది. మొదటి రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, కార్తికేయుడి భక్తుడు. ఆయన చెల్లెలు చాంతిసిరి మాత్రం బౌద్ధురాలు. లోయలోకెల్లా పెద్దదైన మహాచైత్యం ఆమె దానం వల్లే నిలబడింది. ఒకే ఇంట్లో ఆయన దారి ఆయనది, ఆడవాళ్ళ దారి ఆడవాళ్ళది. గొడవ పడ్డట్టు ఏ శాసనంలోనూ లేదు. ఏటి ఒడ్డున అష్టభుజస్వామికీ, కార్తికేయుడికీ గుళ్ళు, లోపలికి వస్తే స్తూపాలు, విహారాలు. ఇది బౌద్ధుల ఊరా, హిందువుల ఊరా అని వాట్సాప్‌లో కొట్టుకునేవాళ్ళకి ఈ లోయ ఒక తలనొప్పి, ఎందుకంటే రెండూ.

నాకు ఈ మొత్తంలో బాగా నచ్చిన మనిషి రాజూ కాదు, రాణీ కాదు. బోధిసిరి అనే ఒక గృహస్థురాలు. సింహళ భిక్షువుల కోసం ఆమె ఒక చైత్యగృహం కట్టించి, దాని రాతి నేల మీద శాసనం చెక్కించింది. గోడ మీద కాదు, నేల మీద. ఆ శాసనం చదువుతుంటే ఇప్పటి కాంట్రాక్టు వర్క్ ఆర్డర్ గుర్తొస్తుంది. ఇక్కడ చైత్యగృహం, అక్కడ బోధివృక్షానికి గుడి, ఇంకో విహారంలో ఒక గది, ఒకచోట చెరువు, కంటకసేల దగ్గర మహాచైత్యం తూర్పు వాకిట్లో రాతి మండపం అంటూ వరుసగా రాయించింది. కంటకసేల అంటే ఇవాళ్టి కృష్ణా జిల్లా ఘంటసాల అని పండితులు చెప్తారు. అంటే ఈమె దానాలు ఒక్క ఊరికే ఆగలేదు. ఆ లంక ఆచార్యులు ఏయే దేశాలకు ధర్మాన్ని తీసుకెళ్ళారో కూడా చెప్పింది: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, దమిళ... పదిహేడు వందల ఏళ్ళ కిందట పల్నాటి లోయలో కూర్చున్న ఒక ఇల్లాలికి చైనా ఎక్కడో తెలుసు. ఆమెకి ఇంటివాళ్ళ పేర్లన్నీ రాయించుకునే సరదా కూడా ఉంది, అది వేరే సంగతి. ఇప్పుడు గుళ్ళో ఫ్యాన్ దానం చేసి రెక్కల మీద కుటుంబం పేర్లు రాయించుకునేవాళ్ళని చూసి నవ్వుతాం గాని, అలవాటు పాతదే.

అయితే నన్ను నిజంగా ఆపేసింది ఆ శాసనం చివర. పని దగ్గరుండి చేయించిన ముగ్గురి పేర్లు ఉంటాయి: చందముఖ థేరుడు, ధమ్మనంది థేరుడు, నాగ థేరుడు. వాళ్ళ హోదా 'నవకమ్మిక', కొత్త నిర్మాణాల పర్యవేక్షకులు. మన భాషలో సైట్ ఇంజినీర్లు. ఆ తర్వాత రాయి చెక్కినవాడి పేరు కూడా ఉంది. విధికుడు. మహాచైత్యం పనికి కూడా పర్యవేక్షకుడున్నాడు, భదంత ఆనందుడు. ఆయన నికాయాలు పాఠం చెప్పే ఆచార్యుడు. పగలు ఇటుకల లెక్క, మిగతా పొద్దు పాఠాలన్నమాట. మనకి చదువు చెప్పే కొందరు సార్లు గుర్తొచ్చారు.

ఇప్పుడు మీ ఊళ్ళో ఏ వంతెన దగ్గరికైనా వెళ్ళి శిలాఫలకం చూడండి. ముఖ్యమంత్రి, మంత్రి, ఎమ్మెల్యే, ఎంపీ, జడ్పీ చైర్మన్, "గౌరవనీయులు" అన్న మాట పదిసార్లు. తాపీమేస్త్రీ పేరు? లేదు. ఈ ఒక్క విషయంలో ఇక్ష్వాకుల కాలం మనకంటే మెరుగు.

ఇంజినీరింగ్ గురించి కూడా ఒక ముక్క, లేకపోతే మనవాళ్ళకి కిక్ రాదు. మహాచైత్యం వ్యాసం 106 అడుగులు. అంత గుట్టని గట్టి ఇటుకలతో నింపాలంటే ఎన్ని బట్టీలు కావాలి? వాళ్ళు అలా చేయలేదు. ప్లాన్ చూస్తే బండి చక్రం. మధ్యలో కుంభం, అక్కణ్ణుంచి ఆకుల్లా బయటికి గోడలు, చుట్టూ కమ్మీలా గుండ్రటి గోడ. ఆ గదుల మధ్య మట్టి కూరారు. ఇటుక తగ్గింది, లోపలి మట్టి బయటికి నెట్టకుండా అడ్డగోడలు పట్టుకున్నాయి. ధర్మచక్రానికి గుర్తు అని కొందరంటారు, ఖర్చు కలిసొచ్చే డిజైన్ అని ఇంకొందరు. రెండూ అయి ఉండొచ్చు కదా! మంచి డిజైన్‌కి అందం, పొదుపు ఒకేచోట దొరుకుతాయి. మనం డ్రాయింగ్ షీట్ల మీద ఏడుస్తూ గీసే సెక్షన్లలో ఈ చక్రం ఒక్కసారైనా వస్తే బాగుండేది.

4వ శతాబ్దంలో ఇక్ష్వాకులు పోయారు, విహారాలు ఖాళీ అయ్యాయి, అడవి పెరిగింది. 1926లో మాచర్ల వైపు బడిపంతులు సూరపరాజు వెంకటరామయ్య అక్కడ రాతల స్తంభం ఒకటి చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన విభాగంలో తెలుగు అసిస్టెంటుగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. పుస్తకాల్లో మాత్రం ఎక్కువగా వినిపించేది లాంగ్‌హర్స్ట్ దొర పేరు. ఆయన 1927 నుంచి 1931 దాకా తవ్వాడు, కాదనను. కానీ ముందు చూసింది ఒక బడిపంతులు. ఆ పేరు మన ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకంలో నేనైతే చదవలేదు.

మహాచైత్యంలో ఒక చిన్న ఎముక దొరికింది. వెండి పెట్టెలో బంగారు పెట్టె, అందులో ఎముక. అది బుద్ధుడి ధాతువు అని చాంతిసిరి కాలపు శాసనాలని బట్టి నమ్మారు. దాన్ని 1930లలో సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి ఇచ్చారు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తా.

ఇక ఆనకట్ట. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. దీని వెనక ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ పట్టుదల ఉంది. ఇక్కడ ఒక విచిత్రం. అదే ఇంటిపేరున్న వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలోనే, 18వ శతాబ్దం చివర్లో, అమరావతి స్తూపాన్ని తవ్వి రాళ్ళు పట్టుకుపోయారు. కొత్త ఊరు కట్టుకోవడానికి రాయి కావాలి, దిబ్బలో రాయి ఉంది. బొమ్మలున్న పలకల్ని సున్నం కోసం కాల్చేశారు కూడా. ఇది బౌద్ధం మీద కోపంతో చేసింది కాదు, అదేంటో తెలియక చేసింది. తర్వాత తెల్లవాళ్ళు వచ్చి, తెలిసి కూడా, మిగిలినవాటిని మద్రాసుకీ, అక్కణ్ణుంచి 1859లో ఓడెక్కించి లండన్‌కీ తీసుకెళ్ళారు. ఇవాళ అమరావతి స్తూపం శిల్పాలు చూడాలంటే చెన్నై ఎగ్మూరు, లేదా లండన్ బ్రిటిష్ మ్యూజియం. అమరావతిలో మిగిలింది ఎక్కువగా గడ్డి మొలిచిన మట్టిదిబ్బ.

దాంతో పోలిస్తే నాగార్జునకొండకి జరిగింది చాలా మర్యాదైన అంత్యక్రియలు. 1954లోనే, ఇంకా శంకుస్థాపన కూడా జరక్కముందే, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వడం మొదలైంది. 1960 దాకా ఆరేళ్ళు. వందకు పైగా చోట్ల తవ్వారు. పాతరాతియుగం పనిముట్ల దగ్గర్నుంచి మధ్యయుగాల కోట దాకా అన్నీ బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాల్ని విప్పి కొండ మీదికి చేర్చి మళ్ళీ పేర్చారు. తీసుకెళ్ళలేనివాటికి నమూనాలు చేశారు. మెట్లున్న రంగస్థలాన్ని, హారీతి గుడిని అవతల అనుపు దగ్గరికి మార్చారు. ఈజిప్టులో అబూ సింబెల్ గుడిని ముక్కలుగా కోసి పైకెత్తిన కథ యూట్యూబ్‌లో అందరం చూశాం. అది 1964లో మొదలైంది. యునెస్కో పిలుపు, ప్రపంచ దేశాల సాయం. అంతకు నాలుగేళ్ళ ముందే మనవాళ్ళు ఇక్కడ తవ్వకాలు ముగించేశారు. దీని మీద ఒక్క మంచి డాక్యుమెంటరీ లేదంటే తప్పు ఎవరిది అనుకోవాలి?

కాబట్టి ఆ పురాతత్వవేత్తల మీద నాకు వీసమెత్తు ఫిర్యాదు లేదు. ఆనకట్ట మీదా లేదు. మాది ఎడమ కాలువ ఆయకట్టు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకి నీళ్ళు వదలకపోతే మా తాత జొన్న, కంది తప్ప ఇంకోటి చూసేవాడు కాదు, నేను ఈ కాలేజీలో ఫీజు కట్టి కూర్చునేవాణ్ణి కాదు. మా ఇంట్లో ఉడికిన ప్రతి మెతుకులో ఆ లోయ వాటా ఉంది. కరెక్ట్‌గా అందుకే నాకు ఈ లెక్క ముఖ్యం. అప్పు తీసుకున్నవాడికి అప్పు ఎంతో తెలియాలి.

లెక్కలో మొదటి తేడా: కట్టడాన్ని కదిలించొచ్చు, చోటుని కదిలించలేం. విజయపురిలో స్నానఘట్టం కృష్ణ వైపు ఎందుకు ఉంది, గుళ్ళు ఏటి ఒడ్డున, విహారాలు లోపల ఎందుకున్నాయి, బజారు నుంచి స్తూపానికి ఎంత దూరం నడవాలి, ఆ నడకలో ముందు ఏం కనిపిస్తుంది, ఇవన్నీ ఆ నేలలో ఉన్న సంగతులు. కొండ మీదికి తెచ్చి పక్కపక్కన పేర్చాక అవన్నీ ఒక ఫర్నిచర్ షాపులో సోఫాల్లా అయ్యాయి. ఒక్కోటీ అసలుదే, కానీ ఇల్లు కాదు. ప్రతి ఆగస్టులో టీవీల్లో "సాగర్ నీటిమట్టం 590 అడుగులకు చేరువలో" అని స్క్రోలింగ్ వస్తుంది, 26 గేట్లు ఎత్తితే మనం పరుగెత్తుతాం. ఆ 590 అంకె కిందే ఒక రాజధాని వీధులున్నాయని ఆ స్క్రోలింగ్ చెప్పదు.

రెండో తేడా ఇంకా పెద్దది. ఆ లోయలో రాళ్ళు మాత్రమే లేవు. పుల్లారెడ్డిగూడెం అనే ఊరుండేది. తవ్వకాల రిపోర్టుల్లో ఆ ఊరి పేరు వస్తుంది, ఫలానా దిబ్బకి గుర్తుగా. అంటే దారి చెప్పడానికి పనికొచ్చింది. ఊరి మనుషులు ఎక్కడికి పోయారు, ఏం తీసుకెళ్ళారు, వాళ్ళ ఊరి దేవతని ఎక్కడ పెట్టుకున్నారు? ఇక్ష్వాకుల గుళ్ళకి ఇటుక ఇటుకకీ ప్లాన్ గీసినవాళ్ళం, అప్పటికి బతికి ఉన్న ఊరి గుడికి గీశామా? పాతదైతే వారసత్వం, ఇంకా వాడుకలో ఉంటే నిర్వాసితం. ఈ తేడా నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడదు. పదిహేడు వందల ఏళ్ళ కిందటి రాళ్ళు చెక్కిన విధికుడి పేరు మనకి తెలుసు. అరవై డెబ్బై ఏళ్ళ కింద ఆ లోయలో కూలీకి తట్ట మోసి తవ్విన మనిషి పేరు తెలీదు. సొంత ఊరు మునిగిపోతుందని తెలిసీ ఆ ఊరి పక్క దిబ్బని బ్రష్‌తో శుభ్రం చేసినవాళ్ళు వాళ్ళలో ఉండే ఉంటారు.

ఇక మూడోది, దీని మీద మన క్లబ్‌లోనే నాకూ కొందరికీ పడదు. అది మ్యూజియమా, గుడా?

ఆర్ట్ అనే దృష్టితో చూస్తే ఆ మ్యూజియం గొప్పది, ఒప్పుకోవాల్సిందే. పచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి మీద మాంధాత జాతకం, బుద్ధుడి జీవిత ఘట్టాలు, ఆయక స్తంభాలు, యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళకి నిలబెట్టిన ఛాయా స్తంభాలు. మనిషిని మించిన ఎత్తున్న బుద్ధుడి విగ్రహం. వీటిలో కొన్ని రాళ్ళు ఢిల్లీ, పారిస్‌లోని గిమే మ్యూజియం దాకా వెళ్ళాయి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ శిల్పాల మీద పెద్ద ప్రదర్శన పెడితే ఆంధ్ర, తెలంగాణ రాళ్ళే అక్కడ హీరోలు. మనం ఆ వార్త షేర్ చేసి గర్వపడ్డాం. పడాలి.

కానీ ఇవి గాజు అద్దం వెనక చూడ్డానికి చెక్కినవి కావు. స్తూపం చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటే కుడిచేతి వైపు ఒక్కో పలకా దాటుతూ పోవాలి, కథ అలా నడుస్తుంది. నడిచేవాడి కాళ్ళే ప్రొజెక్టర్. దాన్ని విడదీసి, గోడకి ఆనించి, కింద చీటీ పెడితే అది ఆర్ట్ అయింది, నిజమే, కానీ సినిమాలోంచి స్టిల్ తీసి ఫ్రేమ్ కట్టినట్టు అయింది.

పైగా, అక్కడికి వచ్చేవాళ్ళంతా టూరిస్టులు కాదు. 1956 అక్టోబర్ 14న అంబేడ్కర్ నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాక, ఆ దారిలో నడిచిన కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వాళ్ళకి నాగార్జునకొండ అంటే పిక్నిక్ స్పాట్ కాదు. తమ తాతముత్తాతల చేతుల్లోంచి జారిపోయిందనుకున్న ఇల్లు. పురావస్తు శాఖ పద్ధతి ప్రకారం, తమ చేతికి వచ్చేనాటికి పూజలు ఆగిపోయిన చోట మళ్ళీ కొత్తగా పూజ మొదలుపెట్టనివ్వరు. ఈ రూల్ వెనక కారణం నాకు అర్థమవుతుంది. ఒక్కచోట కొబ్బరికాయ కొట్టనిస్తే రేపు ఆ పక్క సిమెంటు మండపం, ఎల్లుండి హుండీ, ఆ తర్వాత ట్రస్టు బోర్డు ఎన్నికలు. మన ఊళ్ళల్లో పాత గుళ్ళకి సున్నం కొట్టి, టైల్స్ అంటించి ఏం చేశారో చూశాం కదా. అందుకే దాన్ని మళ్ళీ గుడి చేసేయండి అనేవాళ్ళతో నేను ఏకీభవించను.

కానీ "ఇది ఆర్ట్, చేతులు కట్టుకుని చూసి వెళ్ళు" అనడం కూడా ఒప్పుకోను. ఇప్పుడు సారనాథ్‌కి వెళ్ళిన ఆ ఎముక సంగతి గుర్తు చేసుకోండి. అదే చైత్యం కడుపులోంచి వచ్చిన ధాతువు ఉత్తరాదిన ఒక విహారంలో పూజలందుకుంటోంది. దాన్ని పదిహేడు వందల ఏళ్ళకు దగ్గరగా దాచిన ఒంటికి మాత్రం ఇక్కడ టికెట్టు. ధాతువు బతికి ఉందట, స్తూపం చచ్చిపోయిందట! ఈ విభజన ఎవరు చేశారు? మతం చేయలేదు, ఫైలు చేసింది. ఒక స్తూపం చుట్టూ, ఒక్కదాని చుట్టూ, వచ్చినవాళ్ళు నిశ్శబ్దంగా మూడుసార్లు తిరిగి ఒక పువ్వు పెట్టి వెళ్ళేందుకు ఒక పలక, సాయంత్రం అది తుడిచేసే ఒక మనిషి. హుండీ వద్దు, మైకు వద్దు, పూజారి వద్దు. బీజింగ్ గుడిలో సంగీతాన్ని ఉంచినట్టు ఇక్కడ ప్రదక్షిణాన్ని ఉంచొచ్చు. రాయికి దానివల్ల నష్టం లేదు. సెల్ఫీ కోసం స్తూపం మెట్టు ఎక్కి నిలబడేవాళ్ళ వల్లే ఎక్కువ నష్టం.

మా సీనియర్ ఒకరు దీనికి అడ్డం చెప్పారు: "పువ్వు పెట్టనిస్తే పక్కనే హోమగుండం కూడా అడుగుతారు, అశ్వమేధం జరిగిన చోటు కూడా పైకి తెచ్చారుగా, దానికేం చెప్తావ్?" అని. మంచి ప్రశ్న. నా దగ్గరున్న జవాబు ఒకటే, హోమానికి మంట కావాలి, ప్రదక్షిణానికి కాళ్ళు చాలు. ఆయన ఒప్పుకోలేదు. క్యాంటీన్‌లో టీ అయిపోయింది, చర్చ అవలేదు.

మనం చేయగలిగింది ఏమైనా ఉందా అంటే, ఉంది, చిన్నదే. సీఎస్ఈ వాళ్ళు గేమ్ ఇంజిన్లు నేర్చుకుంటున్నారు, సివిల్ వాళ్ళకి కాంటూర్ మ్యాపులు వచ్చు. తవ్వకాల రిపోర్టుల్లో సైట్ ప్లాన్లు ఉన్నాయి. మునిగిన లోయని ఉన్నది ఉన్నట్టు, గుడి ఎక్కడుంటే అక్కడ, పుల్లారెడ్డిగూడెం ఎక్కడుంటే అక్కడ పెట్టి ఫోన్‌లో నడవగలిగే మోడల్ చేయడం ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి మించిన పని కాదు. ఏటా యాభై అటెండెన్స్ యాప్‌లు తయారవుతున్నాయి మన కాలేజీలో, వాటిలో ఒక్కటి తగ్గినా లోకం ఆగిపోదు. తెలుగు క్లబ్ వంతుగా బోధిసిరి శాసనాన్ని ఇవాళ్టి తెలుగులోకి తెచ్చి పెడదాం. ప్రాకృతం తెలిసిన పెద్దల సాయం కావాలి, అడుగుదాం.

ఇంకొకటి మన చేతిలో లేదు గాని అడగొచ్చు. లాంచీ విజయపురి సౌత్ రేవు నుంచి బయల్దేరి కొండ దగ్గర ఆగాక, మెట్లెక్కే ముందే ఒక బోర్డు ఉండాలి. తెలుగులో, పెద్ద అక్షరాలతో. "మీరు ఇప్పుడు దాటి వచ్చిన నీళ్ళ కింద విజయపురి, పుల్లారెడ్డిగూడెం ఉన్నాయి" అని. దాని కింద ఆ ఊరి ఇంటిపేర్లు. వాళ్ళ మనవలు, మునిమనవలు మాచర్ల చుట్టుపక్కలో, నల్గొండ వైపో ఉండే ఉంటారు, అడిగితే చెప్తారు. పక్కన తవ్వకాల్లో పనిచేసిన కూలీల మస్టరు రోల్ దొరికితే ఆ పేర్లు కూడా. ఆ బోర్డు మ్యూజియం వైపు కాదు, నీళ్ళ వైపు తిప్పి పెట్టాలి, తిరుగు లాంచీ కోసం ఎదురుచూసేవాళ్ళు చదువుకోవడానికి వీలుగా. లాంచీ ఎప్పుడూ ఆలస్యమే, టైం బోలెడు ఉంటుంది.

వెళ్ళాలనుకుంటే శుక్రవారం మాత్రం వెళ్ళకండి, మ్యూజియం సెలవు.